ఉప్పు ఊళ్ళో కప్పతల్లి

మా వదిన తలెత్తి ఆకాశం వంక చూసి "మబ్బేసినట్టుందే" అందంటే, నా కంచంలో ఉన్నది ఆమె కంచంలోకి వెళ్ళిపోవాల్సిందే. మామిడి చెక్క కావచ్చు, రైల్లో కిటికీ పక్క సీటు కావచ్చు, కొత్త దువ్వెన కావచ్చు. ఎండ నెత్తి మాడ్చేస్తున్నా, మచ్చుకు ఒక్క మబ్బు తునక లేకపోయినా, ఆమె ఆ మాట అనేది, నేను నోరు మూసుకుని ఇచ్చేసేదాన్ని. ఇలా ఇచ్చుకోవడం మొదలుపెట్టి యాభై ఏళ్ళు కావస్తోంది. నాకు నోరెక్కువని మా చుట్టాలందరికీ తెలుసు. అంత నోరూ ఆ ఒక్క మాటకు ఎందుకు మూతపడుతుందో మాత్రం మా పిల్లలకు కూడా చెప్పలేదు. నాకూ పూర్తిగా తెలియదని ఈ వేసవిలోనే తేలింది, అది వేరే సంగతి.

వదిన అంటే మా అమ్మ అన్నగారి కూతురు, నాకంటే ఏడాదిన్నర పెద్ద. మాది ఉద్దానం. పలాస నుంచి సముద్రం వైపు గంట బస్సు ప్రయాణం. కొబ్బరి చెట్ల నీడలో పుట్టి, జీడిపళ్ళ కసరుకు గొంతు గరగరలాడించుకుంటూ పెరిగినవాళ్ళం. మా ఎండాకాలం అంటే నీడల మధ్య దూకుడు. ఒక చెట్టు నీడలోంచి ఇంకో చెట్టు నీడలోకి పరిగెత్తితే ఊరంతా తిరిగి రావచ్చు, కాలు కాలదు. మావ వాళ్ళది నౌపడ దగ్గర, ఉప్పు మడుల ఊరు. అక్కడ నీడంటే ఇంటి చూరు కింద ఉండేదే. చూరు దాటితే కనుచూపు మేర తెల్లటి నేల. ఎండ పైనుంచి కాసినంతా కాసి, చాలక కింది నుంచి కూడా కాసేది. మొదటి రోజే నా ముక్కు తోలు ఊడిపోయేది. అయినా ప్రతి ఏడూ పరీక్షలు అయిపోగానే పలాసలో పాసింజరు ఎక్కించి నన్ను అక్కడికి పంపేవాళ్ళు. నేను లేకపోతే మా ఇంటికి వేసవి సెలవులని మా నాన్న అనేవాడు.

నా పదో ఏట జరిగింది ఇది. ఆ ఏడు ఎండలు మామూలుగా లేవు. ఉప్పు మడులకు అలాంటి ఎండే కావాలట. మడిలోకి వదిలిన ఉప్పునీరు సాయంత్రానికల్లా పొర కట్టేస్తుంటే మావ ముఖం వెలిగిపోయేది. తెల్లారకముందే మావ, అత్త, వాళ్ళ వెనకాల వదిన మడుల్లోకి వెళ్ళిపోయేవాళ్ళు. పొడుగాటి కర్రకు పలక బిగించి, దాంతో ఉప్పును గట్టు మీదికి లాగి, తట్టలకెత్తి, మెరక మీద పెద్ద కుప్పగా పోసేవాళ్ళు. ఎండ ముదిరాక ఇంటికొచ్చి పడుకునేవాళ్ళు, చల్లబడ్డాక మళ్ళీ పోయేవాళ్ళు. మావ అరికాళ్ళు చూస్తే నాకు భయం వేసేది. ఉప్పు కోసీ కోసీ చెప్పుల అడుగుల్లా అయిపోయాయి. ముల్లు గుచ్చితే ముల్లే విరిగేది, మావకు తెలిసేది కూడా కాదు.

ఇక నా బాధ చెప్పుకోవాలి. ఆడుకోవడానికి వచ్చినదాన్ని, ఆడుకునే మనిషేది? వదిన ఇంటికొచ్చేసరికి ఆమె కళ్ళు మూతలు పడుతుండేవి. నేను గచ్చకాయలు ముందేసుకుని కూర్చుంటే ఆమె కూర్చున్నచోటే నిద్రపోయేది. పైగా మావ ఒక ఆశ పెట్టి ఉన్నాడు. టెక్కలి తీసుకెళ్తాడట, సినిమా చూపిస్తాడట, పుల్లైసు, గోళీ సోడా. ఎప్పుడు మావా అని నేను రోజుకు పదిసార్లు ప్రాణం తీస్తుంటే, రోజుకు పదిసార్లూ ఒకటే జవాబు:

"పనాగితే ఎల్దావే. పనాగనీ."

పని ఎలా ఆగుతుంది? నేను ఒక పూటంతా కూర్చుని ఆలోచించాను. మా ఊళ్ళో అయితే వానొస్తే బడి ఉండదు, తోటపని ఉండదు, అందరూ ఇంట్లో కూర్చుని ఉడకబెట్టిన పనస గింజలు తింటారు. అంటే వానొస్తే పని ఆగుతుంది. పని ఆగితే టెక్కలి. ఇంత సులువైన లెక్క ఆ ఊళ్ళో ఒక్కరికీ తట్టలేదని జాలిపడ్డాను కూడా.

వాన రప్పించడం నాకు వచ్చు. మా ఉద్దానంలో వానలు ముఖం చాటేస్తే కప్పతల్లిని ఊరేగిస్తాం. ఒక కప్పను పట్టి, తడిగుడ్డలో వదులుగా చుట్టి, రోకలికి వేపమండలతో కలిపి కట్టి, ఇద్దరు చెరో కొసా పట్టుకుని ఇంటింటికీ తిరుగుతారు. ప్రతి ఇంటి ఆడవాళ్ళూ బయటికొచ్చి కప్ప మీద చెంబుడు నీళ్ళు పోస్తారు, మనకు దోసెడు బియ్యం వేస్తారు. ఆ బియ్యంతో పరమాన్నం వండుకు తిని కప్పను చెరువు గట్టున వదిలేస్తాం. నేను అప్పటికి రెండేళ్ళుగా రోకలి మోస్తున్న అనుభవజ్ఞురాలిని. వానొచ్చిన రోజున, అది రోకలి మోసిన నా భుజం గొప్పే అని మా నాయనమ్మ అనేది. ఆ మాట నేను నమ్మాను.

వదినను ఒప్పించడానికి కాస్త తక్కువ చెప్పాల్సి వచ్చింది. కప్పతల్లి ఆట అన్నాను, పరమాన్నం సంగతి చెప్పాను. వాన సంగతి చెప్పలేదు. వాళ్ళ ఊళ్ళో కప్పతల్లిని ఎవరూ ఎప్పుడూ ఎత్తలేదు, ఆమెకు తెలియదు. పాపం ఆమెకు ఆ రోజుల్లో దేని మీదా ధ్యాస లేదు. అయిదో తరగతి అయిపోయింది, ఊళ్ళో ఆపై చదువు లేదు. ఆ ఏడు ఉప్పు బాగా వస్తే టెక్కలిలో హాస్టల్లో పెడతానని మావ అన్నాడు. ఉప్పు బాగానే వస్తోంది. అత్త అప్పుడే ఒక రేకు పెట్టె దులిపి, అందులో రెండు జతల బట్టలు, ఒక పళ్ళెం, ఒక గ్లాసు సర్దింది. ఉప్పు రాకపోతే ఆ పెట్టె అటకెక్కుతుంది, వదిన తట్ట పట్టుకుంటుంది. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. నాకూ తెలుసు. ఉప్పుకూ వానకూ పడదన్న ముక్క మాత్రం నా బుర్రకెక్కలేదు. ఉప్పంటే మా ఇంట్లో జాడీలో ఉండేది, అంతే.

ఉప్పు ఊళ్ళో కప్పను పట్టడం మాటలు కాదు. కప్పలకు కూడా ఆ ఊరు నచ్చదు. ఊరి చివర మంచినీళ్ళ నుయ్యి ఒకటే ఒకటి, దాని పక్కన ఎప్పుడూ తడిగా ఉండే ఒక గుంట. రెండు మధ్యాహ్నాలు అక్కడ బోర్లా పడుకుంటే మూడో మధ్యాహ్నం దొరికింది. బక్కచిక్కిన కప్ప, ముఖం చూస్తే లోకం మీద విరక్తి పుట్టినట్టుంది. అత్త వాళ్ళ రోకలి దొంగతనంగా తెచ్చాం. వేప చెట్టు లేదు, గుడి దగ్గర ఎవరో తెచ్చి పడేసిన ఎండు మండలు కట్టాం. ఊరేగింపు బయల్దేరింది.

మొదటి ఇంటి అరుగు మీద ఒక ముసలమ్మ కూర్చుని ఉంది. నేను గొంతు సవరించుకుని, అమ్మా కప్పతల్లి వచ్చింది నీళ్ళు పొయ్యండి అన్నాను. ఆమె కళ్ళు చికిలించి రోకలి వంక చూసింది. మండలు చూసింది. మధ్యలో మూట చూసింది. మూట కదిలింది. ఆ వయసులో అంత చురుగ్గా లేవగలదని నేను అనుకోలేదు. అరుగు మీదున్న నీళ్ళ బిందెను చంకనేసుకుని లోపలికి పోయి గడియ పెట్టేసుకుంది.

రెండో ఇంట్లో ఒకామె గిన్నెలు తోముకుంటోంది. మమ్మల్ని చూడగానే పక్కనున్న నీళ్ళ బేసిన్‌ను కాలవలోకి బోర్లించేసింది, ఎక్కడ చుక్క ఎగిరి కప్ప మీద పడుతుందో అని. అప్పటికి వీధి వీధంతా తలుపులు వేసుకుంటున్న చప్పుడు వినిపించింది. మిట్టమధ్యాహ్నం నిద్ర లేచి ఇంత మంది ఒక కప్పకు భయపడటం నేను ఎన్నడూ చూడలేదు. నాకు తిక్కరేగింది. మా ఊళ్ళో చెంబులు పట్టుకుని ఎదురొస్తారు, వీళ్ళకేమైంది?

మూడో ఇంటామె మాత్రం తలుపు వేసుకోలేదు. గుమ్మం దిగి వచ్చి, నా గడ్డం కింద చెయ్యి పెట్టి ముఖం పైకెత్తి, ఎవరి పిల్లవని అడిగింది. చెప్పాను.

"ఉద్దానం గుంటవా. అలాగ సెప్పు." ఆమె గొంతులో కోపం లేదు. "మా ఉప్పంతా బయటే ఉంది తల్లీ. ఇంకా ఆకులు కప్పలేదు. ఈ పది రోజులూ వాన పేరెత్తకు. బేగి తీసుకుపోయి వదిలీ దాన్ని."

అప్పుడు వదినకు అర్థమైంది ఇది వాన కోసమని. రోకలి కొస వదిలేసింది. కప్ప మూటతో సహా నా కాలి మీద పడింది. ఇంటికెళ్ళిపోదాం అంది. నేను ఊరుకుంటానా, నాది మొండి ఘటం. మీ ఊరివాళ్ళు పోయకపోతే నేనే పోస్తానని, కప్పను పట్టుకుని నూతి దగ్గరికి పోయి, అక్కడున్న చెంబుతో నీళ్ళు తోడి దాని నెత్తిన పోశాను. ఒక్క చెంబు. ఎవరో వస్తున్నట్టు అలికిడైతే కప్పను అక్కడే నోరు పగిలిన కుండలో వేసి వచ్చేశాను. వదిన చేతులు వెనక్కి పెట్టుకుని ఆ కుండ వైపే చూస్తూ నిలబడింది. పిరికిది, భయపడిందనుకున్నాను.

సాయంత్రం కప్పను వదిలేద్దామని వెళ్తే, ఓలమ్మో, నా ఒళ్ళు జలదరించింది. నేను పోసింది చెంబుడు. కుండలో నీళ్ళు పగిలిన అంచుదాకా ఉన్నాయి. కప్ప లేదు. కప్పతల్లి మహిమ తప్ప ఇంకేమిటి? కుండకు దణ్ణం పెట్టి ఇంటికి వచ్చేసరికి అత్త, బిందెడు మంచినీళ్ళు ఏమైపోయాయని వెతుకుతోంది. నా మీదే పడింది. తాగావా, ఒలకబోశావా అని నిలదీసింది. చెయ్యని పనికి తిట్లు తినడం నాకు కొత్త కాబట్టి చాలా బాధపడ్డాను.

మూడో రోజు మధ్యాహ్నం అన్నాలు తింటున్నాం. మొదట పడమటి గాలి ఆగిపోయింది. తర్వాత ఏదో బరువైన వాసన. మావ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. లేచి బయటికి పరిగెత్తాడు, వెనకే అత్త, ఎంగిలి చేతులతో. మేమూ పరిగెత్తాం. ఆకాశం టెక్కలి వైపు నల్లగా కమ్ముకుని మా మీదికి వస్తోంది. నేను గంతులేశాను. అబద్ధం ఎందుకు, చప్పట్లు కొట్టి మరీ గంతులేశాను.

మెరక మీద అన్ని కుప్పల దగ్గరా మనుషులు. తాటాకులు మోసుకొస్తున్నారు, ఒకరి మీద ఒకరు కేకలు వేసుకుంటున్నారు. కుప్ప మీద ఆకు వేస్తే గాలి ఎత్తుకుపోతోంది. మళ్ళీ వేస్తే మళ్ళీ. మా అత్త సన్నటి మనిషి. ఆకులు ఎగిరిపోకుండా కుప్ప మీద బోర్లా పడుకుని రెండు చేతులతో పట్టుకుంది. చినుకు మొదలైంది, చినుకు కాదు, కుండపోత. ఆకుల సందుల్లోంచి కుప్ప పాలు కారినట్టు కారిపోవడం కళ్ళారా చూశాను. తెల్లటి నీళ్ళు కాలవలు కట్టి అత్త మోచేతుల పక్క నుంచి, వదిన కాళ్ళ మధ్య నుంచి పోతున్నాయి. వదిన వంగి దోసిళ్ళతో ఎత్తి మళ్ళీ కుప్ప మీద పోస్తోంది. పోసినవి పోసినట్టే జారిపోతున్నాయి.

తొలిచూలు బిడ్డ మండుతున్న కొరివిని ఆకాశానికి చూపిస్తే వాన ఆగుతుందని మా నాయనమ్మ చెప్పేది. నేను తొలిచూలే. ఇంటికి పరిగెత్తి పొయ్యిలోంచి కొరివి లాగి బయటికి తెచ్చాను. చుయ్యిమని ఆరిపోయింది. నా చేతిలో మసి కర్ర మిగిలింది, అంతే. రప్పించడమే నాకు వచ్చు, ఆపడం రాదని అప్పుడు తెలిసింది.

గంట సేపు కురిసి ఏమీ ఎరగనట్టు ఎండ కాసింది. సగం కుప్ప లేదు. మిగిలిన సగం మట్టి రంగు. మడుల నిండా బురద నీళ్ళు. మావ గట్టు మీద కూర్చున్నాడు, ముఖం మీంచి నీళ్ళు కారుతున్నాయి. నేను చేసిన ఘనకార్యాల్లో అన్నిటికంటే పెద్దది అప్పుడు చేశాను. అతని ముందుకు వెళ్ళి అడిగాను:

"మావా, పనాగింది గదా. టెక్కలి ఎల్దామా?"

పక్క కుప్పల వాళ్ళు కూడా తలలు తిప్పి చూశారు. అత్త ఏదో అనబోయింది. మావ నా వంక చూశాడు. కొడతాడనుకున్నాను, కొడితే బాగుండునని కూడా అనిపించింది. ఎందుకంటే అప్పటికి నాకు కొంచెం కొంచెంగా తెలుస్తోంది.

"ఎల్దాం. మాటన్నాను గదా" అన్నాడు.

అన్నట్టే రెండు రోజుల తర్వాత తీసుకెళ్ళాడు. సినిమాలో ఏం చూశానో ఒక్క ముక్క గుర్తు లేదు. పుల్లైసు చేతిలోనే కరిగి మోచేతి దాకా కారింది, అది కారుతుంటే కుప్పే గుర్తొచ్చింది. తిరిగి బస్టాండుకు వెళ్తుంటే దారిలో హాస్టల్ వచ్చింది. మావ ఇవతలి పక్కకు వచ్చి, మాకూ ఆ గేటుకూ మధ్య నడిచాడు. వదిన తల వంచుకుని తన పుల్లైసు శుభ్రంగా తినేసింది. ఇంటికొచ్చేసరికి పెట్టెలోని బట్టలు మళ్ళీ దండెం మీదున్నాయి.

నన్ను తీసుకెళ్ళడానికి నాన్న వచ్చిన రోజున అందరి ముందూ చెప్పేశాను. కప్ప, రోకలి, చెంబు, అన్నీ. ఏడుస్తూ చెప్పాను, ముక్కు చీదుకుంటూ చెప్పాను. నాన్నకు నవ్వొచ్చింది. మావ కూడా నవ్వాడు, మీ కప్పకు అంత బలం ఉంటే మీ కొబ్బరితోటలకు నీళ్ళెందుకు తోడుతున్నారని అడిగాడు. అత్త నవ్వలేదు. నేను మాత్రం పట్టు వదల్లేదు. మా ఊళ్ళో హైస్కూలు ఉంది, వదిన మాతో వస్తుంది, మా ఇంట్లోనే ఉండి చదువుకుంటుంది, నా మంచంలో సగం, నా అన్నంలో సగం ఇస్తాను అన్నాను. వదిన నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నువ్వూ ఉంటావు కదా అని గుసగుసగా అడిగింది. ఉంటానన్నాను. మావ ఆ రోజంతా వద్దనే అన్నాడు. మర్నాడు పొద్దున చూస్తే పెట్టె సర్ది ఉంది.

నౌపడ స్టేషను దాకా ఆ పెట్టె తనే నెత్తిన పెట్టుకుని నడిచాడు. రైలు కదిలాక కిటికీ పక్కన కొంత దూరం వచ్చాడు. కూతురి వంకే చూశాడు. నాతో మాత్రం, ఇక కప్పల జోలికి పోవద్దని గట్టిగా చెప్పాడు.

నా అన్నంలో సగం అన్నాను కదా, ఆమె సగంతో ఊరుకోలేదు. మొదటి వారంలోనే ఒక మామిడి చెక్క దగ్గర తగువొస్తే, ఆమె నిదానంగా ఆకాశం వంక చూసి "మబ్బేసినట్టుందే" అంది. చెక్క ఇచ్చేశాను. ఆ తర్వాత ఆమెకు రుచి తెలిసింది. నా వంతు నీళ్ళు నేను తోడి, ఆమె వంతు నీళ్ళూ నేను తోడాను. మా ఇంట్లో ఆమె చదివి, నేను చాకిరీ చేసి, ఇద్దరం పదో తరగతి గట్టెక్కాం. ఆమె టీచర్ ట్రైనింగుకు వెళ్ళింది, ఉద్యోగం వచ్చింది, సోంపేట వైపు పెళ్ళి అయింది. మావ ఇంటికి పండక్కో పబ్బానికో చుట్టపు చూపుగా వెళ్ళొచ్చేది. అత్త పోయింది. మావ మాత్రం మోకాళ్ళు మొరాయించే దాకా ఉప్పు పని వదల్లేదు. ఈమధ్యే కూతురి దగ్గరికి వచ్చాడు, ఎనభై దాటాయి. చెవులు సగమే పని చేస్తాయంటాడు. ఏ సగమో ఆయన ఇష్టం.

ఈ మే నెలలో ఇద్దరూ పలాసలో మా ఇంటికి వచ్చారు. మా తోట జీడిగింజలు పెరట్లో ఎండబోశాం. మావ వరండాలో కుర్చీ వేసుకుని వాటికి కాపలా కూర్చున్నాడు. మేమిద్దరం గింజలు తిరగేస్తున్నాం. ఎండలో ఇక నా వల్ల కాదని నేను నీడకు లేవబోయాను. ఆవిడ నడుం నిటారు చేసి, ఆకాశం వంక చూసింది.

"మబ్బేసినట్టుందే."

నాకు ఒళ్ళు మండింది. అరవై వస్తున్నాయి, మనవలు పుట్టారు, ఇంకా ఎన్నాళ్ళు కడతానే ఆ కప్ప జరిమానా అని చేతిలో చేట విసిరికొట్టాను. ఆవిడ నవ్వడం మొదలుపెట్టింది. నవ్వీ నవ్వీ గింజల పక్కనే చతికిలపడింది. కళ్ళు తుడుచుకుని, ఆ కుండలో నీళ్ళు ఎవరు నింపారనుకున్నావు అని అడిగింది.

అప్పుడు అత్త వెతికిన బిందె గుర్తొచ్చింది.

"ఆ మద్దేనం ఇంటికొచ్చి నువ్వు పడుకున్నావు. నాను బిందెడూ ఎత్తుకెల్లి పోసీసినాను" అంది. నవ్వు ఆగిపోయింది. "హాస్టల్‌కి ఒక్కదాన్నీ ఎల్లాలంటే భయమేసింది. ఉప్పు లేకపోతే అమ్మ కాడే ఉండిపోవచ్చు అనుకున్నాను. అంత వాన అడగలేదే. కొంచమే అడిగినాను."

నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. నేను తిన్న తిట్లు, ఇచ్చుకున్న మామిడి చెక్కలు, మోసిన బిందెలు, అన్నీ ఏకరువు పెట్టాను. నాది చెంబుడు పాపం, నీది బిందెడు, జరిమానా అంతా నా చేత కట్టిస్తావా అని అరిచాను. అరుస్తూ అరుస్తూ ఆవిడ ముఖం చూసి ఆగిపోయాను. మావకు చెప్పలేదా అని అడిగాను. తల అడ్డంగా ఊపింది. అమ్మకూ చెప్పలేదు, అమ్మ పోయింది అంది.

"ఓలే, మీ ఇద్దర్నీ. గింజలెత్తండి" అన్నాడు మావ వరండాలోంచి.

తలెత్తి చూస్తే నిజంగానే మబ్బు. మా గొడవలో చూసుకోలేదు, పడమర అంతా నల్లగా అయిపోయింది. గాలి ఆగిపోయింది. అరవై ఏళ్ళ మోకాళ్ళతో ఇద్దరం ఎలా కదిలామో మాకే తెలియదు. గింజలు కుప్పగా లాగాం, పట్టా కప్పాం, గాలికి అంచు లేచిపోతుంటే వదిన దాని మీద బోర్లా పడుకుని పట్టుకుంది, అచ్చం వాళ్ళమ్మలాగే. నేను ఇటుకలు తెచ్చి అంచుల మీద పెట్టాను. వాన దబదబా వచ్చేసరికి వరండాలోకి ఎక్కాం, తడిసి ముద్దయి.

"తడిసినాయేటి?" అన్నాడు మావ.

"లేదు నాన్నా. ఒక్క గింజ తడవలేదు" అంది వదిన. వగరుస్తూనే అతని కాళ్ళ దగ్గర కూలబడింది. అక్కడే చెప్పేసింది. కుండ, బిందె, ఆ రోజు కుప్ప, అన్నీ. ఇన్నేళ్ళూ లోపల దాచుకున్నది నాలుగు మాటల్లో అయిపోయింది. నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. మావకు ఏ చెవి పని చేస్తోందో అర్థం కాలేదు. వాన వంకే చూస్తూ కూర్చున్నాడు. కూతురి తడి జుట్టు మీద చెయ్యి వేసి అన్నాడు:

"ఉప్పుదేటుందమ్మా. ఉప్పు పై ఏడు మళ్ళీ వచ్చీసింది. నువ్వే రాలేదు."

వదిన ఆ పగిలిన పాదాల మీద నుదురు ఆనించి ఏడ్చింది. నేను లోపలికి వెళ్ళి తువ్వాలు తెచ్చి ఆమె తల తుడిచాను. అడగకుండానే తుడిచాను.